లేబుల్ మీద రేపల్లె

11-1-1971, సోమవారం

మద్రాసు నుంచి ఉత్తరం వచ్చింది. నయం, స్కూలు అడ్రసుకే వచ్చింది. రాసినాయన పేరు జ్ఞానానందం. అక్కడి మ్యూజియంలో పురుగుల విభాగంలో కొత్తగా చేరాడట. పాత పెట్టెలు సర్దుతుంటే ఒక చిమ్మట కనిపించిందట. పగలు, అదీ మిట్టమధ్యాహ్నం ఎండలో ఎగిరే జాతి. పొడినేల, గడ్డి, ఎండ, ఈ మూడూ ఉన్న చోట తప్ప బతకదు. మన కోస్తా మొత్తానికి వాళ్ళ దగ్గర ఉన్నది అదొక్కటే. దాని సూదికి గుచ్చిన లేబుల్ మీద ఉన్న ముక్కలు ఎత్తి రాశాడు.

"రేపల్లె. 21-2-1962. పట్టినది పి. బర్నబాస్."

ఆ బర్నబాస్ మీరేనా, అయితే వచ్చే నెల వస్తాను, చోటు చూపిస్తారా అని అడిగాడు.

నేనే. ఉత్తరం జేబులో పెట్టుకుని తొమ్మిదో తరగతికి ఎముకల పాఠం చెప్పాను. బొమ్మలో ఎడమ చెయ్యి చూపించి కుడి చెయ్యి అన్నాను. పిల్లలు నవ్వారు. ఒకణ్ణి బెంచీ ఎక్కించాను. వాడి తప్పేమీ లేదు.

డైరీ రాయడం మానేసి తొమ్మిదేళ్ళు కావస్తోంది. మళ్ళీ ఇవాళ ఎందుకు మొదలుపెట్టానో నాకే తెలియదు. ఈ నోటుబుక్కు ఇంటికి తీసుకెళ్ళను. ల్యాబు బీరువాలో యాసిడ్ సీసాల వెనక ఉంటుంది. మా ఆవిడ కమల అక్కడికి రాదు.

12-1-1971

ఆ రోజు తంతి నాకు ఆలస్యంగా అందింది. మధ్యాహ్నం రెండు గంటలకు. అందుకే బండి అందలేదు.

17-1-1971, ఆదివారం

చర్చి గుడిలో పాపాల ఒప్పుకోలు అందరం లేచి నిలబడి ఒకే గొంతుతో చెబుతాం. అందరితో కలిసి చెబుతుంటే నా గొంతు నాకు వినపడదు. అదొక సదుపాయం.

ఆరాధన అయ్యాక కమల పాస్టరు అయ్యగారితో మణి జ్ఞాపకార్థ కూడిక సంగతి మాట్లాడింది. ఈ ఏడు ఫిబ్రవరి ఇరవై ఒకటి ఆదివారమే పడింది. మణి అంటే మా దయామణి. ఒక్కతే కూతురు. ఆరేళ్ళప్పుడు కంఠసర్పి, అదే డిఫ్తీరియా, వచ్చి చనిపోయింది. ఉంటే ఈపాటికి పదో తరగతిలో, నా క్లాసులోనే కూర్చునేది. నేను ఎడమ చెయ్యి చూపించి కుడి చెయ్యి అంటే అదే ముందు నవ్వేది.

కమల ఇంటికి వస్తూ, "ఈసారి చాపలు చాలవండి, పక్కింటి మాణిక్యాంబ గారివి కూడా అడుగుదాం," అంది. సరే అన్నాను.

26-1-1971

జ్ఞానానందానికి రమ్మని రాశాను. వద్దంటే అనుమానం వస్తుంది. వచ్చి నాలుగు చేలు తిరిగి, ఏమీ దొరక్క వెళ్ళిపోతాడు. పీడ విరగడవుతుంది.

6-2-1971, శనివారం

వచ్చాడు. ముప్పై ఏళ్ళుంటాయి. సన్నగా, మెడలో భూతద్దం వేలాడేసుకుని, మాట మెత్తగా. మాటకు ముందొకసారి, వెనకొకసారి 'మాస్టారూ' అంటాడు. పొద్దుటి నుంచి ఇద్దరం వలకర్ర పట్టుకుని తిరిగాం.

రేపల్లె చుట్టూ ఏముంది? నల్లమట్టి. వరి కోసిన మళ్ళలో మినుము. కాలవగట్ల మీద తుంగ. తడి ఆరని నేల. ఆయన వంగి మట్టి చేతిలోకి తీసుకుని నలిపి చూశాడు.

"మాస్టారూ, పొడి గడ్డినేల ఎటువైపండి?"

"అప్పట్లో ఉండేదండి."

"ఎక్కడండి?"

"అదిగో, ఆ రైసుమిల్లు కట్టినవైపు."

ఆ మిల్లు కట్టి ఇరవై ఏళ్ళయింది. పాపం, ఆయన ఆ మిల్లు ప్రహరీ చుట్టూ కూడా ఒకసారి తిరిగి వచ్చాడు.

7-2-1971, ఆదివారం

జ్ఞానానందాన్ని భోజనానికి పిలవక తప్పలేదు. కమల కోడికూర వండింది. వడ్డిస్తూ మాట కలిపింది.

"ఏం చిమ్మట బాబూ మీరు వెతికేది? పెట్టెలో చీరలు కొట్టేదా?"

"అది కాదక్కయ్యగారూ. ఇది బట్టల జోలికి రాదండి. దీపం దగ్గరికీ రాదు. ఎండ ఉంటేనే లేస్తుంది. మబ్బు పట్టిందంటే గడ్డిలోకి రాలిపోతుంది. మళ్ళీ ఎండొచ్చిందాకా ఎంత వెతికినా కనపడదు."

"చిత్రంగా ఉందే! ఎవరికి దొరికింది?"

"మాస్టారికేనండి. మీకు చెప్పలేదా? తారీఖుతో సహా రాసి పెట్టారు. ఫిబ్రవరి ఇరవై ఒకటి, అరవై రెండు, రేపల్లె అని."

నేను గ్లాసు అందుకున్నాను. మంచినీళ్ళు తాగాను. కమల గరిటె గిన్నెలో పెట్టింది. మళ్ళీ తీసింది.

"ఇంకొంచెం అన్నం పెట్టనా బాబూ?" అంది.

ఆ తారీఖు ఆవిడ సరిగ్గా విన్నట్టు లేదు. వడ్డన హడావుడిలో ఉంది కదా. విని ఉంటే అడిగేది. కమల మనసులో దాచుకునే మనిషి కాదు.

8-2-1971

జ్ఞానానందాన్ని బండెక్కించి వచ్చాను. ప్లాట్‌ఫారం మీద టీ తాగుతూ ఆయన అడిగాడు.

"మాస్టారూ, బాపట్లలో రైలుకట్టకు సముద్రంవైపు ఇసుక బీడు ఉందటగదండి? వానలు పడగానే దాన్ని చదును చేసి సరుగుడు నాటుతారట. వచ్చేటప్పుడు బండిలో ఎవరో అనుకుంటుంటే విన్నాను. మీరెప్పుడన్నా అటు చూశారా?"

"చూశానండి. అక్కడ లేవు."

"గట్టిగా తెలుసాండి?"

"పది రోజులు తిరిగిన చోటండి."

"ఒక్కటి కనపడినా బాగుండేదండి. మ్యూజియం తరఫున అర్జీ పెట్టించేవాణ్ణి. ఓ పది ఎకరాలు వదిలెయ్యమంటే వదిలేస్తారు. మొక్కలు నాటకముందైతేనే లెండి. నాటాక ఎవరూ పీకరు."

బండి వెళ్ళిపోయింది. నేను బెంచీ మీద చాలాసేపు కూర్చున్నాను.

ఆ పురుగు బాపట్లదే. ఈ ముక్క ఇక్కడ తప్ప ఎక్కడా రాయలేను. అరవై రెండు ఫిబ్రవరిలో సైన్సు మాస్టర్లకు బాపట్లలో రెండు వారాల శిక్షణ పెట్టారు. పురుగుల పాఠం చెప్పిన వెంకట్రామయ్య గారు రోజూ ఒకటే మాట అనేవారు. "పట్టడం గొప్ప కాదయ్యా. చీటీ రాయడం గొప్ప. ఎక్కడ, ఎప్పుడు, ఎవరు. ఈ మూడూ లేకపోతే నీ పురుగును చీమలకు పారెయ్యి." మణి పోయిన నెలకు ఆ చిమ్మటను సూదికి గుచ్చి ఆయనకు పంపాను. ఎందుకు పంపానో? ఇంట్లో ఉంచుకోలేక. పారెయ్యలేక. ఆయన దాన్ని మద్రాసు పంపి ఉంటారు. ఆయన పోయి కూడా అయిదేళ్ళయింది.

చీటీ రాసేటప్పుడు తారీఖు మార్చడానికి చెయ్యి రాలేదు. ఊరి పేరు దగ్గరికి వచ్చేసరికి 'రేపల్లె' అని రాసేశాను. ఆ తారీఖున నేను ఉండాల్సింది రేపల్లెలో. ఆ ముక్క కాగితం మీదన్నా ఆ రోజు నేను ఇంట్లో ఉన్నాను.

ఇప్పుడు నిజం రాస్తే బీడు నిలుస్తుందేమో. కానీ కమల అడుగుతుంది. పురుగు బాపట్లలో పడితే రేపల్లె అని ఎందుకు రాశారు అంటుంది. అక్కడి నుంచి ఒక్కొక్కటే అడుగుతుంది. ఎక్కడో ఒకచోట నేను ఆగిపోతాను.

21-2-1971, ఆదివారం

మణి కూడిక. ముప్పై మంది దాకా వచ్చారు. పాట అయ్యాక కమల లేచి సాక్ష్యం చెప్పింది. ఏటా అవే మాటలు. ఒక్క ముక్క అటూ ఇటూ కాదు.

"డాక్టరు గారు బిడ్డను తెనాలి పెద్దాసుపత్రికి తీసుకుపొమ్మన్నారండి. నాకు భయం వేసి బాపట్లలో ఉన్న ఈయనకు తంతి కొట్టించాను. మధ్యాహ్నం మూడున్నర బండికి దిగుతారు, అదే బండి తిరిగి పోయేటప్పుడు ముగ్గురం తెనాలి పోదామని బిడ్డను భుజాన వేసుకుని స్టేషనుకు వెళ్ళాను. ఈయన దిగలేదండి. సరే, నేనే పోదామని ఎక్కి కూర్చున్నాను. జెండా ఊపేటప్పటికి నా మనసు ఆగలేదు. తర్వాత బండికి వచ్చి మమ్మల్ని వెతుక్కుంటారేమోనని దిగిపోయాను. కదిలే బండి దిగానండి, బిడ్డతో. రాత్రి ఎనిమిదింటికి మణి ప్రాణం పోయింది. ఈయన తొమ్మిదింటి బండికి వచ్చారు. దిగకుండా ఉంటే దక్కేది. అది నా తప్పు. దేవుడు నన్ను క్షమించాడు."

అందరూ కళ్ళు తుడుచుకున్నారు. నేను గోడకు ఆనుకుని కుక్కిన పేనులా కూర్చున్నాను. తొమ్మిదేళ్ళుగా అలాగే కూర్చుంటున్నాను. మా అమ్మ బతికున్నన్నాళ్ళూ 'బండి దిగిన తల్లి' అని కమలను దెప్పేది. నేను వింటూ అన్నం తినేవాణ్ణి.

ఏటా సాక్ష్యం చివర ఒక ప్రార్థన ఉంటుంది. 'ఆ తంతి ఆలస్యం చేసిన మనిషెవరో, ఆయన్ని కూడా క్షమించు తండ్రీ' అని. ఈసారి అది చెప్పలేదు. కూర్చుంది.

మర్చిపోయి ఉంటుంది.

22-2-1971

సరే. తంతి పదింటికే అందింది. అయితే బండి పన్నెండు నలభైకి. మధ్యలో రెండున్నర గంటలుంది. స్టేషను అక్కడికి నడిచిపోయే దూరం. టైము చూసుకోవడంలో పొరపాటు పడ్డాను. పొరపాటు ఎవరికైనా జరుగుతుంది.

5-3-1971, శుక్రవారం

ఎన్నికలకని బడి మూసేశారు. నాకు డ్యూటీ పడలేదు. తెనాలిలో పుస్తకాల షాపులో పనుందని కమలకు చెప్పి, తెనాలిలో బండి మారి బాపట్ల వెళ్ళాను. తొమ్మిదేళ్ళలో ఇదే వెళ్ళడం.

బీడు అలాగే ఉంది. మోకాలెత్తు గడ్డి, ఎండి పసుపు రంగుకు తిరిగింది. మధ్యమధ్య తెల్లటి ఇసుక. పంచెకు గడ్డిముళ్ళు అంటుకున్నాయి. పదకొండు దాటింది. ఎండ నెత్తిన పడుతోంది. నిలబడ్డాను.

లేచింది. నా బొటనవేలి గోరంత. ముందు రెక్కలు గోధుమరంగు, వెనక రెక్కలు పండుమిరపకాయ రంగు. కూర్చుంటే ఎండుగడ్డి. ఎగిరితే నిప్పురవ్వ. గడ్డికి మూరెడు ఎత్తున వంకర టింకరగా పోయింది. దాని వెనక ఇంకొకటి. అటుపక్క మరొకటి. నేను ఎప్పుడూ ఒక్కదాన్నే చూశాను. ఇన్ని ఉన్నాయని తెలియదు.

మేకలు కాసుకునే ముసలామె వచ్చి పక్కన నిలబడింది. పేరు నాగమ్మట.

"ఏంటి బాబూ, ఎండచిమ్మటల్ని చూస్తన్నావా?"

"నీకు తెలుసా అమ్మా?"

"తెలవకపోతే! మా చిన్నప్పుడు పట్టుకుని ఆడుకునేవోళ్ళం. ఇప్పుడు ఈ కాసినే మిగిలినియ్యి. చెట్లేస్తారంటగా ఇక్కడ. నీడ పడితే అయ్యి ఉండవు బాబూ. నా మేకలకీ మేత ఉండదు."

నాలుగు మూలలా సున్నంతో గీతలు పోసి ఉన్నాయి. ఒక మూల నమూనాకేమో, వరసగా గుంటలు కూడా తవ్వారు.

ఒక మబ్బుతునక వచ్చి ఎండకు అడ్డం పడింది. చిమ్మటలన్నీ ఒక్కసారి రాలిపోయాయి. బీడు ఖాళీ అయింది. నేను గడ్డిలోనే కూర్చున్నాను.

ఆ రోజూ ఇలాగే కూర్చున్నాను. అబద్ధం లేకుండా రాస్తాను. పగలు ఎగిరే చిమ్మటను చూశానని అంతకు ముందు మూడు రోజులుగా చెబుతుంటే వెంకట్రామయ్య గారు నమ్మలేదు. "పగలు ఎగిరితే సీతాకోకచిలుక అవుతుందయ్యా," అని అందరి ముందూ నవ్వారు. తంతిలో 'మణికి జ్వరం, వెంటనే రండి' అని ఉంది. సంచి సర్దుకుని పదకొండింటికే బయలుదేరాను. బీడులోంచి అడ్డంగా పోతే స్టేషను దగ్గర. వలకర్ర చేతిలోనే ఉంది. మళ్ళీ శిక్షణకు రాను కదా, ఒక్కటి పట్టి ఆయన మొహాన చూపించి పోదామనుకున్నాను. లేచింది. వెంటపడ్డాను. మబ్బు వచ్చింది. రాలిపోయింది. మబ్బు పోయేదాకా కూర్చున్నాను. మళ్ళీ లేచింది. మళ్ళీ మబ్బు.

టైము చూసుకోలేదన్నది అబద్ధం. గడియారం చూశాను. బండి కూత విన్నాను. ఇంజను పొగ చూశాను. లేచి పరిగెత్తితే అందేది. పిల్లలకు జ్వరాలు రావా, సాయంత్రం బండికి పోవచ్చులే అనుకున్నాను. కూర్చున్నాను. బండి పోయిన అయిదు నిమిషాలకు ఎండ వచ్చింది. పట్టాను. సంతోషించాను కూడా. ఆ సంతోషం నాకు బాగా గుర్తుంది.

6-3-1971

జ్ఞానానందానికి ఉత్తరం రాశాను.

9-3-1971

పోస్టు చెయ్యలేదు.

28-3-1971

చించేసి మళ్ళీ రాశాను. ఈసారి వివరాలేమీ లేకుండా, 'లేబుల్ మీద పొరపాటున రేపల్లె అని పడింది, బాపట్ల అని దిద్దుకోగలరు' అని రెండు ముక్కలు. ఇలా అయితే ఎవరికీ ఇబ్బంది లేదు. పోస్టు డబ్బా దాకా వెళ్ళాను. ఆ పొరపాటున అన్న మాట దగ్గర చెయ్యి ఆగింది. ఇంటికి తెచ్చాను.

14-5-1971

ఎండలు మండిపోతున్నాయి. వానలకు ఇంకా టైముంది.

17-6-1971

తొలకరి పడింది. కమల ఈ మధ్య తక్కువ మాట్లాడుతోంది. వేసవి వల్ల కాబోలు. మోకాళ్ళ నొప్పులు కూడా ఉన్నాయి.

8-7-1971, గురువారం

పక్కింటి మాణిక్యాంబ గారి మనవరాలికి నిన్నటి నుంచి జ్వరం, గొంతు నొప్పి. బడి నుంచి వచ్చేసరికి వాళ్ళ గుమ్మంలో జనం. మాణిక్యాంబ గారు ఏడుస్తోంది. అల్లుడు వరప్రసాదం బాపట్ల వెళ్ళాడట, సాయంత్రానికి వస్తాడట, వచ్చాక తెనాలి తీసుకుపోదామంటోంది. ఆ మాట చెవినపడి నేను గుమ్మంలోనే నిలబడిపోయాను.

కమల ఇంట్లో లేదు. నాలుగింటి బండికి ఆ పిల్లను ఎత్తుకుని తెనాలి వెళ్ళిపోయిందట. మాణిక్యాంబ గారు చెప్పింది.

"వద్దంటే వినలేదు మాస్టారూ. 'ఎవరి కోసమూ ఆగొద్దు, నేను ఆగి చూశాను' అని, నా చేతుల్లోంచి లాక్కుని పోయింది."

9-7-1971

కమల పొద్దున బండికి వచ్చింది. పిల్లకు సూది వేశారట, గండం గడిచిందట. మొహం కడుక్కుని, తుడుచుకోకుండానే పీట మీద కూర్చుంది.

"ఈసారి దిగలేదండి," అంది.

కాఫీ పెట్టి ఇచ్చాను. తాగింది. గ్లాసు కింద పెట్టి, "అంతే. దిగకుండా కూర్చుంటే అయిపోయేది. ఇంత చిన్న పని," అంది. తన మీద తనకు అంత కోపం. అది నాది. తొమ్మిదేళ్ళుగా ఆవిడ మోస్తున్న బరువు నాది. నేను మనిషినేనా?

స్కూలుకు వచ్చి మొదటి పీరియడు వదిలేసి ఉత్తరం రాశాను. అంతా రాశాను. పదింటికి తంతి, పన్నెండు నలభై బండి కూత, మబ్బు, సంతోషం. తిరిగి చదవలేదు. చదివితే మళ్ళీ చించేస్తాను. ఇన్లాండ్ అంటించి డబ్బాలో వేశాను. కమలకు సాయంత్రం చెబుదామనుకున్నాను.

సాయంత్రం చెప్పలేదు. ముందు మద్రాసు నుంచి జవాబు రానీ.

14-8-1971, శనివారం

ఇన్లాండ్ వెనక అలవాటు కొద్దీ ఇంటి అడ్రసు రాసినట్టున్నాను.

బడి నుంచి వచ్చేసరికి కమల వరండాలో కూర్చుని ఉంది. ఒళ్ళో కార్డు. మూత లేని కార్డు. పోస్టుమాను సీమోను చదివి ఉంటాడు, ఈవిడా చదివింది. నేను చెప్పులు విడిచేలోగా పైకి చదవడం మొదలుపెట్టింది. కమల అక్షరం అక్షరం విడదీసి, గుడిలో పాఠం చదివినట్టు చదువుతుంది.

"మాస్టారూ, మీ ఉత్తరం చదివి చాలా బాధపడ్డాను. లేబుల్ బాపట్ల అని మార్చాం. అర్జీ కూడా పెట్టాం. కానీ జూన్ ఆఖరుకే బీడంతా దున్ని మొక్కలు నాటడం అయిపోయిందని జవాబు వచ్చింది. ఫిబ్రవరిలోనే తెలిసి ఉంటే బాగుండేది. అయినా మీరు మనసు కష్టపెట్టుకోవద్దు. తంతి పదింటికే అందినా, బిడ్డకు అంత జబ్బని మీకు తెలియదు కదా. ఆ బండి వదులుకున్నందుకు మిమ్మల్ని మీరు నిందించుకోవద్దు."

కార్డు మడిచి కొంగున ముడి వేసుకుంది.

"ఇదేనండీ నేను అడగకుండా ఊరుకున్నది," అంది. "ఆ బాబు తారీఖు చెప్పిన రోజే నాకు తెలిసింది. ఆ తారీఖున మీరు రాత్రి తొమ్మిది దాకా రేపల్లెలో లేరు. పురుగు మాత్రం రేపల్లెలో ఎట్లా పడింది అనుకున్నాను. అంతకు ముందు కూడా... ఆ రాత్రి మీ పంచె నిండా గడ్డిముళ్ళు. ఉతికేటప్పుడు ఒక్కొక్కటి పీకాను. తంతి చూసి కంగారులో అడ్డదారిన పరిగెత్తి ఉంటారు పాపం అనుకున్నాను. మీరు పరిగెత్తారనుకున్నానండి."

"కమలా..."

"లేని మనిషిని క్షమించమని ఎనిమిదేళ్ళు ప్రార్థన చేశాను. ఆ తంతి జవాను ఎవరో, ఎవరు కన్న బిడ్డో. మీరు పక్కనే కూర్చుని ఆమెన్ అన్నారు."

నేను విడిచిన చెప్పులు గోడవారకు సర్దాను.

కమల లేచి, లోపలికి వెళ్ళబోతూ ఆగింది.

"పురుగు చీటీ మార్పించారు. మరి నాది ఎవరు మారుస్తారండి?"

22-8-1971, ఆదివారం

కమల కొల్లూరు వెళ్ళింది, వాళ్ళ అన్నయ్య ఎజ్రా దగ్గరికి. ఏటి లంకలో అరటితోట పనికి మనుషులు చాలడం లేదట. "మణి రోజుకు వస్తాను," అని మాత్రం చెప్పింది. ఆ కార్డు వచ్చాక కూడా వారం రోజులు ఎప్పటిలాగే అన్నం వండి పెట్టి మరీ వెళ్ళింది. కోపం చూపించి ఉంటే నాకు తేలికగా ఉండేది.

ఇవాళ గుడిలో ఒప్పుకోలు దగ్గర లేచి నిలబడ్డాను. నోరు తెరవలేదు.

24-10-1971

కొల్లూరుకు మూడు ఉత్తరాలు రాశాను. జవాబు రాలేదు.

6-2-1972, ఆదివారం

బాపట్ల వెళ్ళాను. గడ్డి లేదు. ఇసుక దున్ని, వరసల్లో సరుగుడు. మొక్కలు నా మోకాళ్ళ దాకా వచ్చాయి. పదకొండు నుంచి రెండింటి దాకా ఎండలో నిలబడ్డాను. ఒక్క మబ్బు కూడా లేదు. ఒక్కటీ లేవలేదు. నాగమ్మ కనపడుతుందేమోనని చూశాను. మేకలూ లేవు.

తిరిగి వస్తూ పన్నెండు నలభై బండి పోయిందా అని స్టేషనులో అడిగాను. ఆ బండి తీసేసి నాలుగేళ్ళయిందట.

21-2-1972, సోమవారం

రేపల్లె. స్థలం, తారీఖు రెండూ సరిగ్గానే రాశాను.

కమల పొద్దున బండికి వచ్చింది. చిక్కింది. చేతులు అరటిపసరుతో నల్లబడ్డాయి. కూడిక మధ్యాహ్నమే పెట్టించమని ముందే అయ్యగారికి కబురు చేసిందట. చాపలు తనే పరిచింది. మణి ఫోటో తుడిచింది. నాతో, "నీళ్ళు పట్టి ఉంచారా?" అని ఒక్క మాట అడిగింది. పట్టాను అన్నాను.

పాట అయ్యాక అందరూ కమల వైపు చూశారు. తను లేవలేదు. నేను లేచాను.

ఏం చెప్పానో వరసగా గుర్తులేదు. తంతి పదింటికి అందిందని చెప్పాను. పురుగు సంగతి చెప్పాను. బండి కూత విన్నానని చెప్పాను. విని కూర్చున్నానని చెప్పాను. "కమల ఆ రోజు బండి దిగింది నా కోసం. నేను ఆ బండిలో లేనిది పురుగు కోసం. తప్పు ఆవిడది కాదు. ఇన్నేళ్ళూ ఆవిడ చెప్పిన సాక్ష్యం నేను చెప్పవలసింది," అన్నాను. అది మాత్రం గుర్తుంది.

మాణిక్యాంబ గారు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అయ్యగారు పుస్తకం తెరిచి, మూసి, ప్రార్థన ఎవరైనా చేస్తారా అన్నారు. అప్పుడు కమల మోకరించింది.

"తండ్రీ, ఆ తంతి తెచ్చిన మనిషి వేళకే తెచ్చాడు. తెలియక ఆయన మీద నింద వేశాను. నన్ను క్షమించు. ఆమెన్."

అంతే. నా పేరు అందులో లేదు. క్షమించమనీ లేదు, శిక్షించమనీ లేదు.

జనం వెళ్ళాక చాపలు చుట్టి, మాణిక్యాంబ గారివి వాళ్ళింట్లో ఇచ్చి వచ్చింది. గుడ్డసంచి తీసుకుంది. స్టేషనుకు పక్కపక్కనే నడిచాం. మూడున్నర బండి వచ్చి నిలబడింది. ఇంజను అటునుంచి ఇటు మార్చేదాకా ఇద్దరం సిమెంటు బెంచీ మీద కూర్చున్నాం. మణిని ఒళ్ళో వేసుకుని కమల కూర్చున్నది ఈ బెంచీయేనా అని అడగాలనుకున్నాను. అడగలేదు.

"చింతకాయ పచ్చడి జాడీ పై అలమరలో పెట్టాను," అంది.

"మళ్ళీ ఎప్పుడొస్తావు కమలా?"

"వేమూరులో దిగితే కొల్లూరు బస్సు అయిదింటికండి. అందుతుందో లేదో," అంది.

ఎక్కింది. కిటికీ పక్కన కూర్చుని సంచి ఒళ్ళో పెట్టుకుంది. గార్డు జెండా ఊపాడు. నేను తలుపు దగ్గరే నిలబడ్డాను. బండి కదిలింది. తలుపుతో పాటు నాలుగడుగులు నడిచాను, తర్వాత ఇంకొన్ని. ప్లాట్‌ఫారం అయిపోయిన చోట ఆగి, ఆఖరి పెట్టె దాటేదాకా చూశాను.

కమల దిగలేదు.